దీప్తికి వచ్చిన వీసా

ఆ ఎండకాలం నేను మా అమ్మ కూతురినని కాగితం మీద రుజువు చేయాల్సి వచ్చింది. అడిగింది స్పెయిన్ వాళ్ళు. అంతకు ముందు ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు.

నా పని ఏమిటో చెబితే మా సందులో సగం మంది నమ్మరు. ఇంకా కట్టని ఇళ్ళకు బొమ్మలు గీస్తాను. హాలెండ్‌లో ఒక కంపెనీ, జర్మనీలో ఒక కంపెనీ గోడల కొలతలు పంపుతాయి. ఆ గదిలో పొద్దుటి ఎండ ఎక్కడ పడుతుందో, సోఫా ఎక్కడ వేస్తే బాగుంటుందో కంప్యూటర్ మీద చేసి చూపిస్తాను. ఆఫీసు లేదు, పై అధికారి లేడు, మెడలో వేసుకునే కార్డు లేదు. తాడూ బొంగరం లేని ఉద్యోగమని బంధువులు నాకు సంబంధాలు చూడటం మానేశారు. ఆ ఒక్క మేలుకు వాళ్ళకు దండం పెట్టాలి.

అమ్మకు హన్మకొండ చౌరస్తా దగ్గరి సందులో మ్యాచింగ్ సెంటర్ ఉండేది. జాకెట్టు ముక్కలు, ఫాల్స్, లైనింగు బట్ట అమ్మేది. బాపు పోయాక ఐదేళ్ళు ఆ షట్టరు ఎత్తిందీ దించిందీ ఆమే. మార్చిలో ఓనరు వచ్చి పాత బిల్డింగు కూలగొట్టి కాంప్లెక్స్ కడుతున్నామని, మే నెలాఖరుకు ఖాళీ చేయమని చెప్పి పోయాడు. అదే వారంలో నేను ఆ వీసా గురించి చదివాను. నాలాంటి ఫ్రీలాన్సర్లు బయటి దేశాల పని చేసుకుంటూ స్పెయిన్‌లో ఏడాది ఉండొచ్చు, తర్వాత పొడిగించుకోవచ్చు. తమ మీద ఆధారపడిన తల్లిని కూడా వెంట తీసుకెళ్ళొచ్చు. ఆ చివరి వాక్యం నేను నాలుగుసార్లు చదివాను.

అమ్మకు చెబితే, "ఆడ చీరెలు కట్టుకుంటరా?" అంది. కట్టుకోరన్నాను. "మరి నేనేం అమ్మాలె?" అంది. ఆమె లెక్కలో అది ఒప్పుకోవడమే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నేను ఆ పూటే వలెన్సియాలో అద్దె ఇళ్ళు వెతకడం మొదలుపెట్టాను.

నక్కలగుట్టలో వీసాల పని చూసే మహిపాలన్న రెండు లిస్టులు రాసిచ్చాడు. ఒకటి నాది: కంపెనీల ఉత్తరాలు, డిగ్రీ, ఇన్సూరెన్సు, పోలీసుల నుంచి మంచి పిల్లే అన్న సర్టిఫికెట్. రెండోది అమ్మది. అందులో మొదటి కాగితమే నా పుట్టిన సర్టిఫికెట్. తల్లి పేరు కనిపించాలి, కొత్తగా తీసింది అయి ఉండాలి, దాని మీద ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర పడాలి. మా ట్రంకుపెట్టెలో ఉన్నది తొంభై ఐదు నాటి చేతిరాత కాగితం. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలుగా వేలాడుతోంది. దాంతో నడవదు, మునిసిపల్ ఆఫీసుకు పోయి కొత్తది తీయించుకోమన్నాడు.

పాత రిజిస్టర్లు చూసే ఉద్యోగి పేరు రాజమౌళి. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, నెమ్మదస్తుడు. నా కాగితం మీది నంబరు చూసి, ఆ ఏడాది రిజిస్టరు తానే మోసుకొచ్చి, ఫ్యాను గాలికి పేజీలు ఎగరకుండా మోచెయ్యి ఆనించి వెతికాడు. వేలు ఒకచోట ఆగింది. తర్వాత రిజిస్టరును తన వైపుకు తిప్పుకున్నాడు. తన సీసాలోని నీళ్ళు గ్లాసులో పోసి నా ముందు పెట్టాడు. నేను అడగలేదు.

పేరు దీప్తేనా అన్నాడు. అవునన్నాను, ఆధార్ చూపించాను. బాపు పేరు శ్యాంసుందర్, అమ్మ పేరు సావిత్రి, ఇల్లు కొత్తవాడ, అన్నీ సరిపోయాయి.

"మీ ఇంట్ల ఇంకెవలన్న ఆడపిల్లలున్నరా అమ్మా?"

"లేరు సార్. నేనొక్కదాన్నే."

ఆయన రిజిస్టరు నా వైపు తిప్పాడు. ఫిబ్రవరి పదకొండు, ఆడశిశువు, దీప్తి. ఆ వరసలో చిట్టచివరి గడిలో ఎర్ర సిరాతో సన్నగా ఒక ముక్క రాసి ఉంది. మరణించినది. కింద తేదీ, 1996 ఏప్రిల్ పంతొమ్మిది. పక్కనే మరణాల రిజిస్టరులోని నంబరు.

నాకు నవ్వొచ్చింది. "నేను సచ్చిపోయిన్నని రాసిన్రు సార్," అన్నాను. ఆయన నవ్వలేదు.

"ఎవలో ఒకలు పోయిన్రు బిడ్డా. ఊకెనే రాయరు. ఇంటికి వోయి అమ్మనడుగు."

నేను వేరే బిడ్డనైతే నా పుట్టుక ఎక్కడా రాసి ఉండదని, ఆర్డీవో ఆర్డరుతో ఇప్పుడు కొత్తగా రాయించుకోవాలని, ఆ తర్వాత ఆధార్, టెన్త్ మెమో, డిగ్రీ, పాస్‌పోర్టు ఒక్కొక్కటే మార్చుకోవాలని ఓపికగా చెప్పాడు. ఏడాదిపైనే పడుతుందట. సరే సార్ అని బయటికొచ్చాను. మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి, ఆటోల మోత మధ్యలో, చెమటలు కారే ఎండలో నాకు భయం వేసింది. దయ్యాల కథల్లో కూడా ఇలాంటి వేళకు భయపడినవాళ్ళు లేరు.

నేను దుకాణానికి వెళ్ళేసరికి అమ్మ ఒకామెకు మామిడాకు రంగు జాకెట్టు ముక్క కొలుస్తోంది. బేరం అయ్యేదాకా ఆగడం నా వల్ల కాలేదు.

"దీప్తి ఎవరమ్మా?" అన్నాను.

కత్తెర ఆగలేదు. బట్ట వంకర పోకుండా చివరిదాకా కత్తిరించి, మడిచి, కవరులో పెట్టి ఇచ్చింది. ఆమె మెట్లు దిగాక షట్టరు సగానికి గుంజింది. ఆ సగం చీకట్లో అమ్మ ముఖం నాకు సరిగ్గా కనిపించలేదు.

"కొత్తవాడకు పో. భద్రమ్మ పెద్దమ్మ చెప్తది," అంది. "నేను నోటితోని అనలేను."

మేము ఒకప్పుడు భద్రమ్మ పెద్దమ్మ ఇంట్లో ముందు గదిలో అద్దెకుండేవాళ్ళం. ఆమెకు ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళు. జంపఖానాలు నేసే చేతులు మగ్గం మీద కూర్చోలేకపోయినా ఊరుకోవు, రోజంతా కండెలకు నూలు చుడుతూ ఉంటుంది. నేను అడిగింది విని, రాట్నం ఆపకుండానే చెప్పింది. అమ్మకు నా కంటే ముందు ఒక ఆడపిల్ల. పద్నాలుగు నెలలు బతికింది. మూడు రోజులు జ్వరం కాసింది, పెద్దదవాఖానకు తీసుకుపోయారు, మూడో రోజు మధ్యాహ్నం పోయింది. అప్పటికి నేను అమ్మ కడుపులో ఏడు నెలలు. జూన్‌లో తొర్రూరులో అమ్మమ్మ ఇంట్లో మంత్రసాని చేతిలో పుట్టాను. పుట్టాక మూడు రోజులు అమ్మ నా వైపు తల తిప్పలేదు.

ఇరవై ఒకటో రోజున నన్ను కొత్తవాడకు తెచ్చారు. చాటలో పడుకోబెట్టి, ఇంటి వెనక పెంటకుప్ప మీద పెట్టి అమ్మ వెనక్కి చూడకుండా వచ్చేసింది. ఎవరో పారేసిన పిల్ల దొరికిందని భద్రమ్మ పెద్దమ్మ ఎత్తుకుని ఇంట్లోకి తెచ్చుకుంది. సాయంత్రం అమ్మ ఆ గడప ముందు కొంగు చాచి బిచ్చమడిగింది. పెద్దమ్మ పిడికెడు నూకలతో పాటు నన్ను ఆ కొంగులో వేసింది.

"నీకు పుట్టినది గాదు, నేను పెట్టిన బిచ్చం. ఎవలడిగినా గదే జెప్పు అన్న," అంది పెద్దమ్మ. "నా బిడ్డ అన్నవంటె మల్ల ఇంటరు, ఎత్కపోతరు అన్న. మీ అమ్మ ఇగ ఆ మాట మర్వలే."

ఎవరు వింటారో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంట్లో నన్ను బిచ్చమ్మ అంటారు. ముద్దుకో, ఉడికించడానికో అనుకుని పెరిగాను, బళ్ళో ఎవరికీ తెలియకుండా దాచుకున్నాను. అమ్మ దుకాణానికి వచ్చిన ప్రతి ఆడపిల్లనూ బిడ్డా అంటుంది. నన్ను ఒక్కనాడూ అనలేదు. మీ అమ్మాయా అని ఎవరైనా అడిగితే, మా ఇంట్ల పిల్ల అని ఊరుకుంటుంది. అదంతా ఆమె మొరటుతనం అనుకుని ఎన్నిసార్లు అలిగానో లెక్కలేదు.

దీప్తి పేరు నాకు తగిలించింది బాపు. కాన్వెంటు వాళ్ళు పుట్టిన సర్టిఫికెట్ అడిగారు. నాది ఎక్కడా రాయించలేదు. పెట్టెలో పెద్దదానిది సిద్ధంగా ఉంది. పదహారు నెలలే తేడా కదా అని అది పట్టుకుపోయి నన్ను చేర్పించి వచ్చాడు. చచ్చినదాని పేరు బతికున్నదానికి పెడతావా అని అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదట. పదో తరగతి దాకా క్లాసులో అందరి కంటే పొట్టిదాన్ని నేనే. ఎందుకో ఆ రోజు తెలిసింది. నేను వేరే పిల్ల వయసులోకి ఎగబాకుతూ పెరిగాను.

ఆ తర్వాత చేసింది నా తప్పే. రాజమౌళి సార్ చెప్పిన దారిలో పోకుండా మహిపాలన్న దగ్గరికి పోయాను. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మహిపాలన్న దేవుణ్ణి అడక్కుండానే వరమిచ్చే రకం. కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు చివరి గడి ఎక్కించరు చెల్లె, ఎర్ర సిరా పాత బుక్కులోనే ఉంటది అన్నాడు. ఆన్‌లైన్ సెంటరుకు పోతే పది నిమిషాల్లో కాగితం వచ్చింది. దీప్తి, ఆడ, తల్లి సావిత్రి. పాతికేళ్ళుగా నడుస్తున్న పేరే కదా, ఎవరిని మోసం చేస్తున్నాను అని నన్ను నేను సముదాయించుకున్నాను. ఏడాది ఆగితే కంపెనీల కాంట్రాక్టులు ఉంటాయో ఊడతాయో తెలియదు. అమ్మ దుకాణం అప్పటికి మట్టికుప్ప అయి ఉంటుంది.

ఇక మిగిలింది అమ్మ ప్రమాణపత్రం. కోర్టు ముందర చెట్టు కింద నోటరీ టైపు చేయించి ఇచ్చాడు. అమ్మ చదివి వినిపించమంది. దీప్తి నా కన్నకూతురు, నేను ఆమె మీదే ఆధారపడి జీవిస్తున్నాను, అని చదివాను.

"కన్న అనే మాట తీసేస్తే నడ్వదా?" అని అమ్మ ఆయనను అడిగింది.

నడవదన్నాడు. అమ్మ పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. వెనక మనుషులు గొణుక్కుంటున్నారు. చివరికి సంతకం పెట్టింది. పెట్టిన వెంటనే కుళాయి దగ్గరికి పోయి చెయ్యి కడుక్కుని వచ్చింది.

ఆ రోజు నుంచి ఇంట్లో మేము ముగ్గురమైనట్టు ఉండేది. అమ్మ నేను దగ్గినా చూసేది, మెట్లు దిగినా చూసేది. కూరలో కారం ఎక్కువై పొలమారితే పళ్ళెం తీసేసింది. నేనేమన్నా తక్కువదాన్నా? ఈమెయిల్ కింద దీప్తి అని టైపు చేసి, ఎవరిదో వస్తువు అడక్కుండా వాడుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని. హాలెండ్ వాళ్ళకు ఒక పడకగది బొమ్మ పంపితే జవాబు వచ్చింది. గది చాలా బాగుందట. తలుపు పక్కన కూర్చున్న పిల్ల నీడ మాత్రం మేము అడగలేదు, తీసేయండి అని రాశారు. నేను ఏ పిల్లనూ పెట్టలేదు. తెరిచి చూస్తే కుర్చీ నీడ, దుప్పటి నీడ కలిసి నిజంగానే అలా ఉన్నాయి. లైటు జరిపాను. నీడ పోయింది. పోయాక ఆ గది చూడబుద్ధి కాలేదు.

మే రెండో వారంలో నాకు జ్వరం వచ్చింది. వడదెబ్బ అన్నాడు డాక్టరు, మందులిచ్చాడు. మొదటి రోజు అమ్మ దుకాణం తెరవలేదు. రెండో రోజు అన్నం తినలేదు. మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయి, గది ఉడికిపోతుంటే, నా కాళ్ళ దగ్గర పరుపు మెత్తగా కుంగింది. చిన్న బరువు, పిల్లి కంటే కొంచెం ఎక్కువ. అది పాకుతూ మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. నాకు భయం వేయలేదు. తప్పు చేసినదానిలా కళ్ళు మూసుకుని పడుకున్నాను. కళ్ళు తెరిస్తే అమ్మ ఆటో మాట్లాడుకుని వచ్చింది.

నన్ను ఆ జ్వరంలోనే కొత్తవాడకు తీసుకుపోయింది. చాటలో పట్టే వయసు కాదు కాబట్టి చాట నా ఒడిలో పెట్టారు. పెంటకుప్ప ఇప్పుడు లేదు, అక్కడ మునిసిపాలిటీ చెత్తబండి ఆగుతుంది. ఆ బండి పక్కన నన్ను ఒక స్టూలు మీద కూర్చోబెట్టి అమ్మ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. చాటలో నా ఫోను మోగింది. జర్మనీ వాళ్ళు. ఎత్తలేదు. భద్రమ్మ పెద్దమ్మ వచ్చి, ఎవరి పిల్లో పాపం అని పైకే అని, నన్ను లేపి ఇంట్లో పడుకోబెట్టింది. చీకటి పడే వేళకు గడప అవతలి నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"బిచ్చమెయ్యి తల్లీ."

యాభై నాలుగేళ్ళ మనిషి, కొంగు చాచి నిలబడింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. అమ్మకు వాళ్ళెవరూ కనిపించడం లేదు. పెద్దమ్మ నా చేతిలో నూకలు పోసి, ఆ చేతిని అమ్మ కొంగులో పెట్టింది. ఎవరడిగినా బిచ్చమనే చెప్పాలని మళ్ళీ గట్టిగా చెప్పింది. మర్నాటికి జ్వరం దిగింది. మాత్రలు పని చేశాయని నేనన్నాను.

మే ఇరవై ఆరున హైదరాబాదులో వీసా సెంటరుకు వెళ్ళాము. అమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుంది, దుకాణంలోని ఫైలు కవరులో తన కాగితాలు తానే పట్టుకుంది. అద్దం వెనక ఒక అమ్మాయి, మన తెలుగు పిల్లే, మర్యాదగా మాట్లాడింది. నా ఫైలు పావుగంటలో తీసుకుంది. తర్వాత అమ్మను కూర్చోమంది. ఊరు, వయసు, భర్త సంగతి అడిగింది. అమ్మ అన్నీ సరిగ్గా చెప్పింది. నాకు ధైర్యం వచ్చింది.

"ఈమె మీకు ఏమవుతారమ్మా?" అని అడిగింది ఆ అమ్మాయి, కాగితాల మీంచి కళ్ళెత్తకుండా.

అమ్మ చీర కొంగు సర్దుకుంది.

"మీ కూతురేనా?"

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. రైలు వస్తుంటే పట్టాల మీద ఉన్న పిల్లను చూసినట్టు చూసింది.

"కాదు బిడ్డా," అంది. "అడుక్కున్న పిల్ల. నా బిడ్డ దీప్తి. అది పోయింది."

అమ్మాయి చెయ్యి ఆగింది. ప్రమాణపత్రం వైపు, నా పాస్‌పోర్టు వైపు చూసింది. ఆ క్షణంలో నేను చేసిన పని చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. ముందుకు వంగి, నవ్వు ముఖం పెట్టుకుని, మా అమ్మకు మతి సరిగ్గా ఉండదు, బాపు పోయినప్పటి నుంచి ఇట్లనే మాట్లాడుతుంది అని చెప్పాను. అమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఆ మాట తనను కానట్టు వింది. అమ్మాయి ఏదో టైపు చేసుకుని, సరేనమ్మా అని కాగితాలు తీసుకుంది.

తిరుగు బస్సులో జనగామ దాకా ఇద్దరం మాట్లాడలేదు. నాకు కోపంతో ఒళ్ళు మండిపోతోంది. మూడు నెలల పరుగు, ఎండ, కాగితాలు, అన్నీ ఒక్క మాటతో బూడిదలో పోసింది. ఆ కోపం కింద సిగ్గు. బస్సు ఊరు దాటాక అమ్మే మొదలుపెట్టింది.

"మతి లేదంటివి."

"తప్పయింది అమ్మా."

"మంచిగనే అన్నవ్. మతి లేనిదాని మాట ఎవలు పట్టించుకుంటరు." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. "ఆ సంతకం పెట్టిన్నుంచి నాకు కూడు సైసలేదు. ఆఖరికి కాదని చెప్పిన. ఇగ నీకు ఏం గాదు."

అప్పుడు ఆమె ముఖం చూశాను. రెండు నెలల తర్వాత మొదటిసారి నిమ్మళంగా ఉంది. సంతకంతో నన్ను చావుకు అప్పజెప్పిందట, ఆ అద్దం ముందు కాదని చెప్పి వెనక్కి తెచ్చుకుందట. నా మీద అంత ప్రేమ ఎవరికీ లేదు. నాకు అంత కోపమూ ఎవరి మీదా రాలేదు. కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. అమ్మ వక్కపలుకు నమలుతూ కూర్చుంది, కాసేపటికి నిద్రపోయింది.

జూన్ మూడో వారంలో, తొలి వానలకు రోడ్లన్నీ బురదైన రోజున, కవర్లు రెండూ వచ్చాయి. అమ్మది తిరస్కరించారు. బంధుత్వం రుజువు కాలేదని రాశారు. నా పాస్‌పోర్టులో ఒక పేజీకి వీసా అంటించి ఉంది. దాని మీద నా ఫోటో, దీప్తి పేరు, ఫిబ్రవరి పదకొండు.

నేను పోనని చెప్పాను. నిన్ను ఒక్కదాన్ని వదిలి పోను, రాజమౌళి సార్ దగ్గరికి పోయి నా పుట్టుక నేను రాయించుకుంటాను, ఆ తర్వాతే ఏదైనా అన్నాను. అమ్మ అప్పటికే కొత్తవాడలో భద్రమ్మ పెద్దమ్మ ఇంటి పక్క సగం షట్టరు మాట్లాడుకుని, మిగిలిన లైనింగు తాన్లు అక్కడికి చేర్చింది. నన్ను అడగలేదు. వీసా పేజీ మీద వేలితో తడిమి, ఏం రాసిందని అడిగింది. పేరు చదివి వినిపించాను.

"మరి నీకు రాలె గద. దానికచ్చింది," అంది.

"అమ్మా..."

"పద్నాలుగు నెలల్ల అది ఈ వాడ జూసింది, దవాఖాన జూసింది. ఇంకేం జూడలే. తోల్కపో దాన్ని. నువ్వు దానికి తోడు పోతానవ్, అంతే అనుకో."

ఆమె నోట దీప్తి గురించి ఇన్ని మాటలు నేను వినడం అదే మొదలు. ఇంతకాలం అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. నేను పుట్టినప్పుడు మూడు రోజులు నా ముఖం ఎందుకు చూడలేదని అడిగాను. అమ్మ ఒక లైనింగు తాను విప్పి మళ్ళీ చుడుతోంది. చుట్టడం ఆపలేదు.

"జూస్తే నచ్చుతవని," అంది.

ఆగస్టులో వలెన్సియా వచ్చాను. ఇక్కడ అందరికీ నేను దీప్తినే. ఇంటి ఓనరు, కూరగాయల కొట్టు ముసలాయన, స్పానిష్ నేర్పే టీచరు, అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ ఒక్క అర క్షణం ఆగి పలుకుతాను, ముందు ఆమెను పలకనిచ్చినట్టు. అమ్మ రోజూ దుకాణం మూసే వేళకు, నాకు మధ్యాహ్నం భోజనం వేళకు ఫోన్ చేస్తుంది. మొదట తిన్నావా అంటుంది. వచ్చిన వారంలో ఒకరోజు, తిన్నాను అన్నాక, అదేం జేస్తాంది అని అడిగింది. అమ్మ ఫోను పెట్టేయలేదు. వెనక మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. పండుకున్నదమ్మా అన్నాను. సరే లేపకు అంది.

అప్పటి నుంచి రోజూ చెబుతున్నాను. ఇవాళ ట్రాము ఎక్కింది, ఇవాళ నారింజపండు పుల్లగా ఉందని ఊసేసింది అని చెబుతున్నాను. అబద్ధం చెబుతున్నానన్న ఆలోచన మొదట్లో ఉండేది. ఇప్పుడు చెప్పడానికి ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటున్నాను.

నిన్న ఫిబ్రవరి పదకొండు. పని ఆపి సముద్రం దాకా నడిచి వెళ్ళాను. చలిగాలి, ఎండ ఉన్నా మనుషులు పెద్దగా లేరు. అక్కడ ఉండగా ఫోన్ మోగింది.

"అదేం జేస్తాంది?" అంది అమ్మ.

"ఇసుకల ఆడుకుంటాందమ్మా."

"నువ్వో?"

"దాన్నే సూస్తాన్న."

అమ్మ గొంతు తగ్గించి, ఎవరో వింటారన్నట్టు అంది.

"ఆడ ఎవలన్న అడిగితే, మా అక్క అని చెప్పు. దానికైతే ఏం గాదు."